కోకో తోటలో సందర్శకుడు: నడక నుంచి చాక్లెట్ రుచి వరకు ఒక విస్తరణ పరిశీలన

విజయవాడ నుంచి ఏలూరు వరకు జాతీయ రహదారి వెంట సాగే సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణంలో ప్రధానంగా కనిపించేవి వరి మాగాణులు, చేపల చెరువులు, కాలువ గట్ల మీది కొబ్బరి చెట్లు. రహదారిని విడిచి ఉత్తరంగా నూజివీడు వైపు గాని, ఏలూరు దాటి పెదవేగి, తడికలపూడి వైపు గాని మళ్ళితే నేల రంగు మారుతుంది. డెల్టా నల్లనేల అంతమై ఎర్ర నేలలు మొదలవుతాయి. మామిడి, కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలు వరుసగా ఎదురవుతాయి. నీరు నిలిచే బరువు నేలను కోకో వేరు సహించదు గనుక వరి పండే మాగాణిలో దీనికి చోటు లేదు. డెల్టా అంచున, బోరు నీటితో బిందు సేద్యం సాగే మెట్టలో, కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడన అంతర పంటగా ఇది స్థిరపడింది. దేశంలో కోకో గింజల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానం.

ఈ పంట విషయంలో ఒక విచిత్ర పరిస్థితి నెలకొని ఉంది. చాక్లెట్ తినే పట్టణ కుటుంబాలలో కోకో చెట్టును చూసినవారు అరుదు. చెట్టును ఏళ్ళ తరబడి పెంచుతున్న రైతులలో తన తోట గింజతో తయారైన చాక్లెట్‌ను నోట వేసుకొన్నవారు అంతకంటే అరుదు. గింజ తోట దాటిన తరువాత ఏమవుతుందో రైతుకు తెలియదు. చాక్లెట్ దుకాణానికి రాక ముందు ఏమిటో వినియోగదారునికి తెలియదు. మార్గదర్శి వెంట తోటలో నడిచి, కాయ కోసి చూసి, చివర చాక్లెట్ రుచి చూసే సందర్శన ఈ రెండు లోట్లనూ ఒకే ఉదయంలో పూడ్చగల ఏర్పాటు. దానిని కేవలం వినోదయాత్రగా భావించి విస్తరణ శాస్త్రవేత్తలు పక్కన పెట్టడం తగదు. అలాగని, దానిని రైతు ఆదాయానికి సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడమూ తగదు.

ఇప్పుడు ఈ చర్చ అవసరం కావడానికి కారణం ధర. పశ్చిమాఫ్రికా దేశాలైన ఐవరీ కోస్ట్, ఘనాలలో పంట దెబ్బతినగా 2024 మార్చిలో ప్రపంచ విపణిలో టన్ను కోకో ధర మొదటిసారిగా 10,000 డాలర్లు దాటింది. ఆ ఏడాది మన రైతులకు ఎండు గింజ కిలోకు ఎన్నడూ ఎరుగని ధర లభించింది. మరుసటి ఏడాది అది దాదాపు సగానికి పడిపోయింది. 2025 వేసవిలో ఏలూరు ప్రాంత రైతులు గిట్టుబాటు ధర కోసం ఆందోళనకు దిగవలసి వచ్చింది. ధర ఎగసినప్పుడు గింజ నాణ్యతను ఎవరూ అడగరు. ధర కూలినప్పుడు కొనుగోలుదారు మొదట వేలెత్తి చూపేది నాణ్యతనే. ఆ మాట నిజమో, బేరం కోసం అన్నదో తేల్చుకొనే సాధనం చాలామంది రైతుల చేతిలో లేదు. సందర్శన ఏర్పాటును ఈ కోణం నుంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతర ప్రాంతాల అనుభవం

హవాయి దీవులలో ఒకటైన కవాయిలోని లిడ్‌గేట్ ఫామ్స్ అనే కుటుంబ క్షేత్రంలో సందర్శన సుమారు మూడు గంటలు సాగుతుంది. సందర్శకులు మొదట ఉష్ణమండల పండ్ల చెట్ల మధ్య నడుస్తారు, పండ్లు రుచి చూస్తారు, కోకో కాయ పగలగొట్టి గుజ్జు చప్పరిస్తారు. చివరకు కూర్చొని పలు రకాల చాక్లెట్లను పోల్చి చూస్తారు. కరీబియన్ దీవి గ్రెనడాలోని బెల్మాంట్ ఎస్టేట్‌లో ఆరబెట్టిన గింజల మీద కూలీలు పాదాలతో నడుస్తూ వాటిని తిరగవేయడం సందర్శకులకు ప్రధాన ఆకర్షణ. అదే దీవిలో 1999లో ఏర్పడిన గ్రెనడా చాక్లెట్ కంపెనీ, గింజ పండిన చోటనే చాక్లెట్ తయారు చేయవచ్చునని నిరూపించింది.

మన రాష్ట్రపు గింజ విషయంలో ఈ మార్గం తెరిచినది మనం చాక్లెట్ సంస్థ. తడికలపూడిలో రైతుల నుంచి పచ్చి గింజ సేకరించి పులియబెట్టే కేంద్రాన్ని నెలకొల్పి, 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 'కార్ఖానా' పేరిట సందర్శకులకు తయారీ కనిపించే ప్రాంగణాన్ని ప్రారంభించింది. అద్దాల వెనుక గింజ చాక్లెట్‌గా మారడం అక్కడ చూడవచ్చు. అయితే చెట్టు అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్రెనడాలోనూ కవాయిలోనూ ఒకే ఆవరణలో ఉన్న తోట, పులియబెట్టే పెట్టె, రుచి బల్ల మన వద్ద మూడు చోట్ల ఉన్నాయి. అరకులోని కాఫీ మ్యూజియాన్ని దర్శించిన తెలుగు పర్యాటకులకు పంటను చూడడం, దాని రుచిని ఆస్వాదించడం ఒక్కచోట జరిగితే ఎంత తేడా ఉంటుందో కొంత అనుభవమే.

నడకలో సందర్శకుడు గమనించేవి

ఎండలో నుంచి కోకో తోటలోకి అడుగుపెట్టగానే సందర్శకునికి తెలిసే మొదటి విషయం వెలుతురు తగ్గడం. పైన కొబ్బరి మట్టలు, కింద కోకో కొమ్మల గొడుగు, పాదాల కింద మెత్తని ఎండుటాకుల పొర. రెండవది, కాయలు కొమ్మల చివర గాక కాండానికే అతుక్కొని ఉండడం. పనస కాయను ఎరిగిన తెలుగువారికి ఇది వింత కాకపోయినా, చిటికెన వేలి గోరంత పువ్వు నుంచి జానెడు కాయ రావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. మార్గదర్శి ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పడం అవసరం. ఈ పువ్వును తేనెటీగ సంపర్కించదు. కంటికి ఆనీ ఆనని చిన్న ఈగలు సంపర్కిస్తాయి. ఆ ఈగలు పెరిగేది కుళ్ళుతున్న ఆకుల పొరలోనూ పారవేసిన కాయ తొక్కలలోనూ.

ఈ సంగతి సందర్శకుని కంటే తోట యజమానికి ముఖ్యం. అతిథులు వస్తున్నారని తోటనంతా చీపురుతో ఊడ్పించి, ఆకులు తగలబెట్టించి, దారుల వెంట పూలమొక్కలు నాటించడం మన వద్ద సహజ మర్యాద. కోకో తోటలో ఆ మర్యాద దిగుబడికి చేటు. నడిచే బాటను మాత్రం శుభ్రం చేసి, మిగిలిన నేలను యథాతథంగా ఉంచి, ఎందుకు ఉంచారో వివరిస్తే సందర్శకుడు అశుభ్రతను తప్పుగా ఎంచడు. పాముల భయం, దోమల బెడద సందర్శకుల మనసులో ఉంటాయి గనుక మూసిన చెప్పులు, ఆరు అడుగుల వెడల్పు బాట, పది పన్నెండు మందికి మించని బృందం అవసరం.

కాయ కోత సందర్శకులకు ఎంతో ఇష్టమైన ఘట్టం. చేతితో మెలిపెట్టి లాగితే పూలు వచ్చే కణుపు చీలిపోతుంది. ఆ కణుపున మళ్ళీ కాయ రాదు. కత్తెరతో మాత్రమే కోయించాలి, అదీ యజమాని చూపిన చెట్టు మీదనే. వర్షాకాలంలో నల్లకాయ కుళ్ళు సోకిన తోటలో సందర్శకులను తిప్పవలసి వస్తే కుళ్ళిన కాయలను ముందే తొలగించి నాశనం చేయాలి, బృందాన్ని సోకని వైపునుంచే నడిపించాలి. ఉడుతలు, ఎలుకలు తొలిచిన కాయలను మాత్రం దాచనవసరం లేదు. వాటిని చూపిస్తే పంట నష్టమంటే ఏమిటో మాటలకంటే బాగా తెలుస్తుంది.

మన ప్రాంత సందర్శకుడు ఏ తోటలో అడుగుపెట్టినా మొదట వేసే ప్రశ్న 'ఎకరాకు ఎంత మిగులుతుంది' అనేదే. మార్గదర్శి దీనికి ఇబ్బంది పడకూడదు. చాక్లెట్ ధరలో గింజ వాటా ఎంతో, ఆ వాటాలో రైతు వంతు ఎంతో చెప్పడానికి ఆ ప్రశ్నే మంచి ద్వారం.

గుజ్జు, పెట్టె, ఆరు రోజులు

సందర్శనలో నిజమైన పాఠం కాయ పగిలినప్పుడు మొదలవుతుంది. కాయలో 30 నుంచి 40 దాకా గింజలు తెల్లని గుజ్జులో చుట్టుకొని ఉంటాయి. గుజ్జు తీపి పులుపుల కలయిక. సీతాఫలం గుర్తుకు వస్తుంది గాని చాక్లెట్ జాడ ఎక్కడా ఉండదు. గింజను కొరికితే చేదు, దానికి మించిన వగరు. లోపలి పప్పు ఊదా రంగు. సందర్శకుని ముఖంలో ఇక్కడ కనిపించే నిరాశ విలువైనది. చాక్లెట్ చెట్టుకు కాస్తుందనే భావన ఇక్కడ తొలగిపోతుంది. అయితే అది ఎక్కడ పుడుతుంది అనే ప్రశ్న అతనిలో తనంతట తానుగా లేస్తుంది. ఆ ప్రశ్న లేచిన తరువాతనే పులియబెట్టే పెట్టె దగ్గరకు తీసుకొని వెళ్ళాలి.

పులియడంలో జరిగేది విద్యార్థులకు తెలిసినదే అయినా సందర్శకుని దృష్టితో మరల చూడడం మంచిది. గుజ్జులోని చక్కెరను మొదట ఈస్టులు సారాయిగా మారుస్తాయి. గింజలను తిరగవేసి గాలి తగిలించగానే ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా ఆ సారాయిని ఆమ్లంగా మారుస్తుంది. ఈ చర్యలో పుట్టే వేడి వల్ల గింజల రాశి 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది. ఆ వేడికి, ఆమ్లానికి గింజలోని మొలక చస్తుంది, కణాల గోడలు విచ్ఛిన్నమవుతాయి, వగరుకు కారణమైన పాలిఫినాల్స్ తగ్గుతాయి, మాంసకృత్తులు విడిపోయి రుచికి మూలమైన పదార్థాలు ఏర్పడతాయి. ఊదా రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది. తరువాత వేయించడంలో బయటపడే చాక్లెట్ వాసనకు పునాది ఇక్కడే పడుతుంది. ఇక్కడ పడని పునాదిని ఎంత ఖరీదైన యంత్రమూ పిదప వేయలేదు.

ఇది ఆరు రోజుల పని. సందర్శకుడు ఉండేది మూడు గంటలు. అందుకే చాలాచోట్ల పెట్టె మూత తీసి చూపి, 'ఇందులో పులుస్తాయి' అని చెప్పి ముందుకు సాగుతారు. సందర్శనలో అత్యంత సారవంతమైన భాగం ఆ విధంగా రెండు నిమిషాలలో ముగుస్తుంది. దీనికి తేలికైన పరిష్కారం ఉంది. కొద్దిపాటి గింజలకు సిఫారసులో ఉన్న చిన్న వెదురు బుట్టల పద్ధతిలో, అరటి ఆకు పరచిన బుట్టలో నాలుగైదు కిలోల పచ్చి గింజలను నింపి, ఆకుతో కప్పి, మరునాడు గోనె చుట్టి, 3వ, 5వ రోజులలో తిరగవేసి, ఆరు రోజులు నిండిన తరువాత ఎండబెడతారు. ఇటువంటి బుట్టలను రోజుకు ఒకటి చొప్పున ఆరు రోజులు వరుసగా మొదలుపెడితే, సందర్శకుడు వచ్చిన ఉదయాన ఒకే వరుసలో ఆరు దశలూ నిలిచి ఉంటాయి. మొదటి బుట్టలో పండు వాసన. రెండవ దానిలో డెల్టా వాసులు చెప్పకుండానే గుర్తుపట్టే కల్లు వాసన. మూడు, నాలుగు బుట్టలలో ముక్కుకు ఘాటుగా తగిలే వినిగరు వాసన, చేయి పెడితే వెచ్చదనం. ఆరవ దానిలో ఘాటు తగ్గి గింజ ఉబ్బి గోధుమ రంగు. ఆరు బుట్టల మీద ముక్కు పెట్టి నడిచిన సందర్శకునికి ఉపన్యాసం అవసరం ఉండదు.

ఆ వరుస చివర కోత పరీక్ష చేయించాలి. ఎండిన గింజలను నిలువుగా చీల్చి, లోపలి రంగును బట్టి గోధుమ, ఊదా, పలకబండ రంగు, బూజు పట్టినవి అని వేరు చేసి లెక్కించడమే ఈ పరీక్ష. వ్యాపారంలో వందల గింజలు చీల్చి శాతాలు కడతారు. సందర్శకునికి పది గింజలు చాలు. పిల్లలు దీనిని ఆటలా చేస్తారు. పక్కన నిలబడిన రైతు కూడా చేస్తాడు, చేయాలి. చిన్న కత్తి, పలక తప్ప ఖర్చు లేని ఈ పరీక్షను గింజలు అమ్మే ముందు తనంతట చేసుకొన్న రైతు, నాణ్యత తక్కువన్న కొనుగోలుదారు మాటకు అక్కడికక్కడే గింజ చీల్చి సమాధానం ఇవ్వగలడు.

రుచి బల్ల వద్ద

సందర్శకుల చాక్లెట్ రుచి పరీక్షకు విదేశాలలో వాడే పదాల పట్టికలను యథాతథంగా దిగుమతి చేసుకోవడం వ్యర్థం. తాము తినని బెర్రీ పండ్ల పేర్లు చదివి మన సందర్శకులు మొహమాటంతో తల ఊపుతారు. తెలుగువారికి రుచి విషయంలో ఒక సహజమైన అనుకూలత ఉంది. ఉగాది నాడు ఆరు రుచులను ఒక్క పచ్చడిలో వేరు చేసి గుర్తించడం చిన్ననాటి నుంచి అలవాటు. వగరుకు మన భాషలో స్పష్టమైన సొంత పదం ఉంది. దానిని చేదుతో కలిపి తికమక పడరు. చాక్లెట్ నాణ్యతలో ఈ విభజనే కీలకం. చేదు చాలావరకు థియోబ్రోమిన్ వల్ల వస్తుంది, అది కోకో సహజ గుణం. మితిమీరిన వగరు సరిగా పులియని గింజకు గుర్తు. మిక్కిలి పులుపు, ఆమ్లం ఎగిరిపోక ముందే హడావిడిగా ఆరబెట్టిన గింజకు గుర్తు. పొగ వాసన, కట్టెల సెగ మీద ఆరబెట్టినందుకు. బూజు వాసన, తేమ దాదాపు 7 శాతానికి దిగక మునుపే మూట కట్టినందుకు. కాబట్టి రుచి పత్రంలో చేదు, వగరు, పులుపు, తీపి అనే గళ్ళతో పాటు నేరేడు, ఈత పండు, మాగిన మామిడి, ఎండు ద్రాక్ష, వేయించిన వేరుశనగ, తాటి బెల్లం వంటి పోలికలను ఉంచితే సందర్శకుడు నిస్సంకోచంగా గుర్తు పెడతాడు. నూజివీడు రసాల రుచి తెలిసిన నాలుక ఆ పోలికను తేలికగా పట్టుకొంటుంది.

రుచి చూపించే క్రమం మీద అనుభవం చాలావరకు ఆధారపడుతుంది. వగరు నోటిలో పేరుకుపోతుంది. వరుసగా తింటే నాలుగవ ముక్కకు నాలుక మొద్దుబారుతుంది. ముక్కకు ముక్కకు మధ్య గోరువెచ్చని నీరు, కొన్ని ఉప్పు లేని మరమరాలు ఇవ్వాలి. ముక్కను నమలకుండా నాలుక మీద కరగనివ్వమని చెప్పాలి. మొత్తం నాలుగు నమూనాలకు మించకూడదు. వాటిలో రెండు తప్పనిసరి: ఒకే తోట గింజను ఆరు రోజులు పులియబెట్టి చేసినది ఒకటి, పులియబెట్టకుండానే ఎండబెట్టి చేసినది మరొకటి, రెండింటిలోనూ చక్కెర పాళ్ళు, వేయించిన తీరు ఒక్కటే. పేరు చెప్పకుండా అందించి, ఏది నచ్చిందో పత్రంలో రాయించిన తరువాతనే వివరం చెప్పాలి. బుట్టల వద్ద ముక్కు నేర్చినదానిని నాలుక ఇక్కడ సరిచూసుకొంటుంది.

ఒక హెచ్చరిక ఈ సందర్భంలో అవసరం. కోకో వెన్నకు బదులు ఇతర వృక్ష సంబంధ కొవ్వుతో చేసిన 'కాంపౌండ్' ముక్కలు చవక. వాటికి టెంపరింగ్ అక్కరలేదు, ఎండకు త్వరగా కరగవు. సందర్శన నడిపేవారికి వీటి మీద మోజు సహజమే. కానీ తోట గింజను చూపించి చివరకు కాంపౌండ్ తినిపించడం సందర్శకుని మోసగించడం. అందులో వాడిన కోకో పొడి ఎవరి తోటదో కూడా తెలియదు. సొంత గింజ చాక్లెట్ లేనిచోట, వేయించి పొట్టు తీసిన పప్పును బెల్లంతో నూరి ముద్దగా అందించడం మేలు. నునుపు ఉండదు, కానీ నిజాయితీ ఉంటుంది. పాలు, గింజ పప్పులు పడనివారిని, మధుమేహం ఉన్నవారిని ముందే అడిగి తెలుసుకోవడం, ఆహార భద్రతా నమోదు పొందడం చెప్పనవసరం లేని విషయాలు.

అనుభవాన్ని అధ్యయనం చేసే తీరు

ఈ విషయం మీద స్నాతకోత్తర పరిశోధన చేయదలచిన విద్యార్థులు సాధారణంగా సంతృప్తి ప్రశ్నావళితో మొదలుపెడతారు. సందర్శన ముగింపులో, నోట చాక్లెట్ ఉన్నప్పుడు 'బాగుందా' అని అడిగితే బాగుందనే అంటారు. ఆ సమాధానంలో సమాచారం లేదు. పైన్, గిల్‌మోర్ 1999లో ప్రచురించిన గ్రంథంలో అనుభవాన్ని వినోదం, విద్య, సౌందర్యం, దైనందిన జీవితం నుంచి విడుదల అనే నాలుగు పార్శ్వాలుగా విభజించారు. తోట సందర్శనకు ఈ విభజన పనికివస్తుంది. విద్య పార్శ్వాన్ని మిగిలిన వాటి నుంచి వేరుగా కొలవవచ్చు. సందర్శనకు ముందు, ముగిసిన వెంటనే, నెల తరువాత 'చాక్లెట్ రుచి ఎక్కడ పుడుతుంది' అనే ఒకే ప్రశ్న వేసి సమాధానాలు పోల్చడం ఇరవై ప్రశ్నల పత్రం కంటే ఎక్కువ చెబుతుంది. నడకలో ఎక్కడ ఎక్కువసేపు ఆగారు, ఎక్కడ సెల్‌ఫోన్ తీశారు, ఎక్కడ ప్రశ్న వేశారు అనేవి పరిశీలకుడు మౌనంగా నమోదు చేయవలసిన అంశాలు.

గడచిన అనుభవాన్ని మనిషి దాని తీవ్ర క్షణంతోనూ ముగింపుతోనూ గుర్తుంచుకొంటాడని కానెమన్, ఆయన సహచరులు 1990లలో చూపించారు. దీనిని బట్టి సందర్శన ఎక్కడ ముగియాలో ఆలోచించాలి. విదేశాలలోనూ ఇక్కడా దుకాణంతో ముగించడం వాడుక. బిల్లు చెల్లింపు చివరి జ్ఞాపకంగా మిగలడం మంచిది కాదు. కొనుగోలు మధ్యలో పెట్టి, రెండు నమూనాల పోలికతో ముగించడం ఉచితం. ఈ మార్పు నిజంగా ప్రభావం చూపుతుందా అనేది రెండు బృందాలపై పరీక్షించదగిన మంచి పరిశోధనాంశం. రైతునే మార్గదర్శిగా పెట్టిన బృందానికీ శిక్షణ పొందిన యువకుని వెంట నడిచిన బృందానికీ మధ్య తేడా మరొకటి. రెండవ అధ్యయనంలో సందర్శకునితో పాటు రైతునూ కొలవాలి: సందర్శనలు మొదలైన తరువాత అతని గింజల కోత పరీక్షలో గోధుమ రంగు శాతం పెరిగిందా అన్నది అసలు ఫలితం.

రైతుకు మిగిలేది ఎంత

లెక్క వేసి చూస్తే భ్రమలు తొలగుతాయి. 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ 10 గ్రాములలో కోకో 7 గ్రాములు. వేయించి పొట్టు తీయడంలో తరుగు పోగా ఎండు గింజలో పప్పు సుమారు నాలుగింట మూడు వంతులు మిగులుతుంది. అంటే ఒక సందర్శకుని రుచికి 9 లేక 10 గ్రాముల ఎండు గింజ చాలు. వేయి మంది వచ్చినా 10 కిలోలు మించదు. ప్రతి ఒక్కరూ 50 గ్రాముల పలక ఒకటి కొన్నా మరో 45 నుంచి 50 కిలోలు. మొత్తం 60 కిలోలు కూడా కాదు. కోతకు వచ్చిన రెండు మూడు ఎకరాల తోట ఇచ్చే పంటలో ఇది చిన్న భాగం. సందర్శన పంటకు విపణి కాదు. మిగిలిన గింజ ఎప్పటిలాగే కొనుగోలు కేంద్రానికి వెళ్ళవలసిందే, ఆ ధర లండన్, న్యూయార్క్ విపణులను అనుసరించి మారవలసిందే. ప్రవేశ రుసుము, పలకల మీద లాభం కొద్ది కుటుంబాలకు అదనపు ఆదాయం కాగలవు. పదిమందికి మించి రైతులున్న ఊరిలో అందరి తోటలూ సందర్శన కేంద్రాలు కాలేవు. 2025 వంటి సంవత్సరంలో ధర పతనాన్ని ఆపే శక్తి ఈ ఏర్పాటుకు లేదని రైతులకు ముందుగానే చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

ఉన్న ప్రయోజనం మరొక చోట ఉంది. పచ్చి గింజను ఆనాడే అమ్మే రైతుకు పులియబెట్టడం గురించి ఎన్ని సమావేశాలలో చెప్పినా అది ఇతరుల పనిగానే తోస్తుంది. తన గింజతో చేసిన రెండు ముక్కలు రుచి చూసి, పక్కన పదిమంది అపరిచితులు ఒకదానికి ముఖం చిట్లించి మరొకదానిని మళ్ళీ అడగడం చూసిన రైతుకు అది తన పనిగా మారే అవకాశం ఉంది. నాణ్యమైన గింజకు అదనపు ధర ఇచ్చే చిన్న తయారీదారులు దేశంలో ఇప్పుడు ఉన్నారు. వారి వద్దకు వెళ్ళే రైతు తన గింజ గురించి తాను మాట్లాడగలగాలి. అందుచేత సందర్శకులు లేని రోజున కూడా రైతులకే ఈ సందర్శన ఏర్పాటు చేయడం కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఉద్యాన శాఖకు సాధ్యమైన పని. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఈ తోటలకు దగ్గరలోనే ఉన్నాయి.

కాలం, ఎండ

ఏర్పాటుకు పెద్ద అడ్డంకి రుతువు. కోకోకు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కాయ ఉన్నా, వేసవి కోతలు ముమ్మరంగా సాగే రోజులలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పర్యాటకులు రావడానికి ఇష్టపడే డిసెంబరు, జనవరులలో బుట్టలు నింపడానికి సరిపడే పచ్చి గింజ రోజూ దొరకకపోవచ్చు. కోకో వెన్న సరైన స్ఫటిక రూపంలో ఉన్నా 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తోటలో బల్ల వేసి రుచి చూపించడం ఏప్రిల్‌లో సాధ్యం కాదు.

వేసవి సందర్శనను ఉదయం 6 గంటలకు మొదలుపెట్టి, కోత, బుట్టల వరుస 8 గంటలలోగా ముగించి, రుచి పరీక్షను చల్లబరచిన గదిలోకి మార్చాలి. చలికాలపు సందర్శనకు వేసవిలోనే సిద్ధం కావాలి. పులియబెట్టని గింజలను, ఒకటవ రోజు నుంచి ఆరవ రోజు వరకు బుట్టల నుంచి తీసి ఎండబెట్టిన గింజలను ఏడు గాజు సీసాలలో తేది వేసి భద్రపరిస్తే, కల్లు వాసన, వెచ్చదనం దొరకకపోయినా కోత పరీక్షలో రంగు మార్పు అంతా కనిపిస్తుంది. దొరికిన కొద్ది కాయలతో ఒక్క బుట్ట మాత్రం నింపి, అది ఏ రోజున ఉంటే ఆ రోజు సీసా పక్కన దానిని ఉంచవచ్చు. సీసాల మూతలు బిగుతుగా ఉండాలి. తేమ చేరి బూజు పడితే నమూనా పనికిరాదు, మళ్ళీ వచ్చే వేసవి వరకు ఆగవలసి వస్తుంది.